ముగ్గురికీ ఒకే పేజీ

రాయగడ బజారు వీధిలో మా తాతగారి పేరుతో మూడు కొట్లుండేవి. మూడు బోర్డుల మీదా అదే పేరు, అవే అక్షరాలు, చివరికి అదే ఎర్ర రంగు. కొత్తవాళ్ళు తికమకపడేవారు గానీ ఊళ్ళోవాళ్ళకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. పెద్ద కొట్టంటే పెదనాన్నది, మధ్య కొట్టంటే నాన్నది, చిన్న కొట్టంటే బాబాయిది. సంతరోజున నెత్తిన మూటలతో కొండ దిగొచ్చే ఆడవాళ్ళు సైతం ఎవరి గుమ్మంలోకి వెళ్ళాలో తిన్నగా ఆ గుమ్మంలోకే వెళ్ళేవారు. మనుషులు మనుషుల్ని పోల్చుకుంటారు, బోర్డులు చదవరు. ఇంత చిన్న సంగతి నాకు సమయానికి తోచి ఉంటే మా నాన్న తాను చెప్పిన ఒక్క మాట కోసం అంత అవస్థ పడేవాడు కాదు.

తొంభైల మొదట్లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, మా ఇంట్లో పంపకాలు జరిగాయి. మా వాళ్ళలో దానికొక పద్ధతుంది. పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి. అందుకని ఎవరికీ వీసమెత్తు ఎక్కువ పోకుండా పెద్దవాడు ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తాడు. విడదియ్యలేనిది ఏదైనా ఉంటే అది ముగ్గురికీ సమానంగా చెందుతుంది. తాతగారి పేరు అలాగే ముగ్గురికీ చెందింది. ఇక వాటాగా ఇచ్చినదాన్ని వెనక్కి అడగడమంత తప్పు ఇంకొకటి లేదు. కొట్టు అరుగు మీద తాతగారు కూర్చునే టేకు బల్ల ఒకటుండేది. దాన్ని ఎవరికివ్వాలో తేలక పెదనాన్న వడ్రంగిని పిలిపించి మూడు ముక్కలు కోయించాడు. మూడింటిలో ఒక్కటీ కూర్చోవడానికి పనికిరాలేదు. మా వాటా ముక్క మీద అమ్మ చాలా ఏళ్ళు నీళ్ళబిందె పెట్టుకుంది.

నాన్నది వలిసెల వ్యాపారం. దసరా వెళ్ళాక నారాయణపట్న వైపు కొండవాలులన్నీ వలిసెపూలతో పసుపు ఆరబోసినట్టుంటాయి. పువ్వు రాలి గింజ ముదిరాక నాన్న అక్కడి సంతకీ గుడారి సంతకీ వెళ్ళి ఆ సన్నటి నల్లగింజల్ని కొనుక్కొచ్చేవాడు. మనం నూనె ఆడించుకునే వలిసెల్ని పైదేశాల్లో పెరటి పిట్టలకు మేతగా వేస్తారట. మన సరుకు విశాఖ రేవులో ఓడెక్కేది అందుకే. అయితే వలిసె చేను మీద బంగారుతీగ అల్లుకుంటుంది. దానికి ఆకుండదు, నేలలో వేరుండదు, పైరు రసం పీల్చి బతుకుతుంది. దాని గింజ కలిసిందని తెలిస్తే పైదేశంవాళ్ళు ఆ బస్తా ముట్టరు.

నాన్న వలిసెల్ని ముందు జల్లెడ పట్టి, చేటతో చెరిగి, ఆపైన తాను కనిపెట్టిన పని ఒకటి చేసేవాడు. ఏటవాలుగా నిలబెట్టిన చెక్కకు గోనెగుడ్డ బిగించి, దాని మీద గుప్పెడు గుప్పెడుగా గింజలు జారవిడిచేవాడు. బంగారుతీగ గింజ గుండ్రం గనక దొర్లిపోయేది. వలిసెగింజ కోలగా ఉంటుంది గనక గోనెను పట్టుకుని ఆగేది. పెదనాన్న, బాబాయి ఒక్క జల్లెడతో సరిపెట్టేసేవారు.

"అంత సాదస్తం ఎందుకురా? పిట్టలకేటి తెలుస్తాది?" అనేవాడు పెదనాన్న.

నాన్న నవ్వేవాడు. చెక్క మాత్రం తీసేవాడు కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కోరాపుట్‌లో కంప్యూటర్ కోర్సు చదివి, ఆ సెంటర్‌లోనే పాఠాలు చెప్పడానికి కుదురుకున్నాను. శనివారం సొరంగాల మధ్యనుంచి వచ్చే రైలెక్కి రాయగడ వచ్చేదాన్ని. వెబ్‌సైట్లు తయారుచెయ్యడం నేర్చుకున్నానని నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. నాన్నకొకటి చేసిపెడతానన్నాను.

"దాంట్లో ఏటి రాస్తావు?" అన్నాడు.

"నువ్వేం చెబితే అది."

అలా నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. నాన్న చెక్క మీద గింజలు జారవిడుస్తూ చెప్పేవాడు. నేను నోటుబుక్కులో రాసుకుని కోరాపుట్ వెళ్ళాక ఇంగ్లీషులో పెట్టేదాన్ని. ఏ కొండ గింజలో నూనె ఎక్కువ, ఏ నెలలో వాన పడితే తాలు ఎక్కువవుతుంది, నేల మీద నూర్చిన గింజకూ చాప మీద నూర్చిన గింజకూ తేడా పంటికింద ఎలా తెలుస్తుంది, ఇవన్నీ. నాన్నకు ఇన్ని సంగతులు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. ఆఖరి ఆదివారం చేతులు దులుపుకుని ఇటు తిరిగాడు.

"మా బస్తాలో బంగారుతీగ గింజ ఒక్కటి దొరికినా బస్తాకి బస్తా ఎనక్కి తీసుకుంటాం. ఇది రాయి."

"అంత గట్టిగా వద్దేమో నాన్నా."

"గట్టిగా సెప్పలేనిది సెప్పడం ఎందుకే అమ్మీ?"

నాన్నకు ఇంగ్లీషు రాదు. పేజీ అచ్చు తీసి ఇస్తే ఏ సంగతి ఎక్కడుందో నా చేత చూపించుకున్నాడు. ఆఖరి వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

రెండు నెలలు తిరిగేసరికి సెర్చ్ ఇంజిన్‌లో కోరాపుట్ అనీ వలిసెలు అనీ ఇంగ్లీషులో కొడితే మొట్టమొదట నాన్న పేజీ వచ్చేది. రాయగడ నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళి చూపించాను. ఫోన్‌లైను మీద అది మెల్లిగా, వరస తర్వాత వరసగా తెరుచుకుంటుంటే నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎవరో పెద్దమనిషి లోపలికొస్తున్నట్టు. ఆ నెలలోనే ఏదో చలిదేశం నుంచి నమూనా పంపమని మెయిల్ వచ్చింది. నా జీవితంలో అంత గర్వపడ్డ రోజు మళ్ళీ లేదు.

మా వీధిలో ఏ వార్తా నిలవుండదు. మర్నాడు పొద్దున్నే పెదనాన్న మా అరుగు మీదున్నాడు.

"నెట్టులో మీ నాయనకి కొట్టు కట్టించేవట? మరి మాకేటి అమ్మీ? తాత పేరు మీ ఒక్కలదేనేటి?"

"మీక్కూడా చేస్తాను పెదనాన్నా. మీ సరుకు గురించి మీరు చెప్పండి, మీకు వేరేగా రాస్తాను."

ఆ వేరేగా అన్నదే తప్పయిపోయింది. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "ఏరేగా ఎందుకు? బావున్నదంతా మీ నాన్నకి రాసి, మాకు మిగిలింది రాస్తావా? ముగ్గురికీ ఒకటే రాయి. ఒక్క అచ్చరం తేడా వచ్చిందంటే ఊరుకోను."

నాన్న వైపు చూశాను. "ఇచ్చీ అమ్మీ" అన్నాడు నాన్న. "రాసిందే కదా. ఇస్తే తరిగిపోద్దేటి?"

తరిగిపోతుందని నాకూ తెలియదు. పదిమందికి పాఠాలు చెప్పేదాన్ని, తెలిసి ఉండాలి, తెలియదు. ముగ్గురికీ ఒకే పేజీ పెట్టాను. సైట్ల పేర్లకు తలో తోక తగిలించి, ఫోన్ నంబర్లు మార్చానంతే. పెదనాన్న అక్కడితో ఆగలేదు. విశాఖలో ఉండే అల్లుడు వచ్చినప్పుడు అచ్చుకాగితాలు ముందేసుకున్నాడు. అల్లుడు ఒక కాగితం పైకి చదువుతుంటే, పెదనాన్న రెండో కాగితం మీద వేలు పెట్టి వరస వెంబడి వరస జరుపుకుంటూ పోయాడు. ఆయనకు అందులో ఒక్క ముక్క తెలియదు. అయినా ఆఖరికి "సరిపోయింది" అని వేలు తీశాడు. బాబాయి కూడా సంతోషించాడు. ఆ క్షణాన నాకు టేకు బల్ల గుర్తుకు రావలసింది. రాలేదు.

ఆరు నెలలు తిరక్కుండానే నాన్నకు మెయిళ్ళు రావడం ఆగిపోయింది. ముందు లైను పాడైందనుకున్నాను. తర్వాత ఒకరోజు నా సెంటర్‌లో కూర్చుని, పాత పద్ధతిలోనే వెతికాను. మొదట పెదనాన్న పేజీ వచ్చింది. నాన్నది రెండోది కాదు, పదోది కాదు. అట్టడుగుదాకా వెళితే అక్కడ సన్నటి అక్షరాలతో ఒక సంగతి రాసి ఉంది. ఇప్పటికే చూపించినవాటిని పోలినవి కొన్ని వదిలేశామని, కావాలంటే వాటితో కలిపి మళ్ళీ వెతకవచ్చని. నొక్కాను. అప్పుడు బయటపడ్డారు నాన్నా బాబాయీ. నాన్న తన నోటితో చెప్పిందంతా నాన్న పేజీలో నకలైపోయింది, పెదనాన్న పేజీలో అసలై కూర్చుంది.

ఎందుకిలా జరిగిందో చాలా రోజులు చదివాను. తెలిసింది ఇంతే. ఒకే రాత నాలుగుచోట్ల ఉంటే సెర్చ్ ఇంజిన్ నాలుగూ చూపించదు. చూసేవాడికి విసుగొస్తుందని ఒకటి ఎంచుకుని మిగిలినవాటిని పక్కకు నెడుతుంది. శిక్ష వేసిందని నాతో పనిచేసేవాళ్ళు అన్నారు గానీ అది శిక్ష కాదు. శిక్ష వెయ్యాలంటే ఎవరిది తప్పో చూడాలి, దానికి అంత తీరికెక్కడిది? ఎవరు ముందు చెప్పారన్నది కూడా అది సరిగ్గా తేల్చుకోలేదు. బయటి పేజీల నుంచి ఏ పేజీకి ఎక్కువ దారులు, అంటే లింకులు, ఉన్నాయో చూస్తుంది. పెదనాన్న అల్లుడు వ్యాపారుల జాబితాలుండే సైట్లలో మామగారి పేజీని చేర్పించాడు. నాన్న పేజీకి ఉన్న దారల్లా మా సెంటర్ పేజీలోంచి నేను వేసినదొక్కటే. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు. మాది చావనైనా చావలేదు, పెదనాన్న దొడ్లో చేరింది.

ఆ శనివారం నాన్నకు అంతా చెప్పాను. "నీది కొత్తగా రాద్దాం నాన్నా, వేరే మాటల్లో. మళ్ళీ పైకొస్తుంది."

నాన్న గింజలు కెలుకుతూనే అడ్డంగా తలూపాడు. "నేను సెప్పింది నేనే మార్సుకోవాలా? అన్నియ్యది అలాగే ఉండి నాది మారితే, సూసినోలు నేనే కాపీ కొట్టేననుకోరేటి? ఒద్దు."

"అయితే పెదనాన్నను మార్చుకోమని అడుగు."

"ఇచ్చింది ఎలా అడగమంటావు?"

నాన్న అడగడని నేనే వెళ్ళాను. పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు చేత్తో పట్టుకుని, పేజీ కాస్త మార్చి రాస్తాననీ ఆయనకేమీ నష్టం రాదనీ నసిగాను. పెదనాన్న కోప్పడలేదు. జాలిగా చూశాడు. "వాటాకిచ్చింది ఎనక్కి అడుగుతున్నావేటి అమ్మీ? మీ నాన్న పంపేడా?" లేదన్నాను. "అదీ. వోడు పంపడు." మజ్జిగ తాగి వచ్చేశాను. పెదనాన్న చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే కసితీరా తిట్టుకునేదాన్ని.

మూడు సైట్లూ నా చేతిమీదుగా నడిచేవే, మూడింటి తాళాలూ నా దగ్గరే ఉండేవి. ఈ పేజీని చూడవద్దని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే వరస ఒకటుంది. పెదనాన్న పేజీలో అది పెట్టేస్తే సరి, నిమిషం పని. వేళ్ళు మీటల మీద పెట్టి తీసేశాను. మా పెంపకం అడ్డొచ్చింది. అన్యాయం చేసినవాళ్ళ దగ్గర కూడా మర్యాదగా మజ్జిగ తాగి వచ్చే ఆ పెంపకాన్ని ఇవాళ్టికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

దాని బదులు వేరే పని చేశాను. నాన్నకు చెప్పకుండా నాన్న పేజీ తుడిచేసి కొత్తది రాశాను. మేలైన సరుకు, నమ్మకమైన సేవ, సమయానికి రవాణా. అందరూ రాసే ఊకదంపుడే. నాన్న చెప్పిన కొండలు పోయాయి, వానలు పోయాయి, పంటికింది తేడా పోయింది. బంగారుతీగ వాక్యాన్ని తిప్పితిప్పి రాసి చూశాను. ఎలా తిప్పినా చప్పబడింది, పోలిక వస్తుందేమోనని భయం కూడా వేసింది. తీసేశాను. ఒక్క వాక్యం కలిసినంత మాత్రాన పేజీ అడుగుకు పోదని తర్వాత తెలిసింది. తెలిసి ఏం లాభం.

మూడు నెలలకు నాన్న పేజీ పైకొచ్చింది, మూడో స్థానంలో. మెయిళ్ళు కూడా ఒకటీ అరా వచ్చాయి. నాన్న జేబులోంచి ఆ పాత కాగితం తీసి పెన్సిల్ గీత మీద వేలితో కొట్టాడు. "సూసేవా? ఓపిక పడితే అదే వస్తాదని సెప్పలేదా? నేను సెప్పినదానికి ఇలువుంది."

"అవును నాన్నా" అన్నాను. అంత చిన్న అబద్ధం మోయడానికి అంత బరువుంటుందని అప్పుడనుకోలేదు.

తర్వాతి ఏడు మాఘమాసంలో, ఓ ఆదివారం, విశాఖ నుంచి సరుకు ఎగుమతి చేసే కంపెనీ మనిషి వచ్చాడు. బోర్డు మీద పేరు చదువుకుని తిన్నగా మా కొట్లోకొచ్చాడు. చేతిలో కాగితం పొట్లం ఒకటి, నెట్‌లోంచి తీసిన అచ్చుకాగితం ఒకటి. పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. వలిసెల మధ్యన గుండ్రటి గోధుమరంగు గింజలు.

"మీ బస్తాలు రేవులో ఆపేశారండి" అన్నాడు. "మీరే రాశారు కదండీ, ఒక్కటి దొరికినా వెనక్కి తీసుకుంటామని."

నాన్న ఆ కాగితం అందుకున్నాడు. చదవలేడు గానీ ఆ వాక్యం ఎక్కడుంటుందో ఆయనకు తెలుసు. తన జేబులోది తీసి పక్కన పెట్టి చూసుకున్నాడు. "నేను సెప్పిందేనండి" అన్నాడు.

నేను ఆ మనిషి కాగితం లాక్కున్నంత పనిచేశాను. కింద పెదనాన్న ఫోన్ నంబరుంది. "ఇది మాది కాదండీ. పెద్ద కొట్టుది. ఆ బస్తాలు కూడా వాళ్ళు పంపినవే" అన్నాను.

ఆయన నంబరు చూసుకుని నాలుక కరుచుకున్నాడు. "నిజమేనమ్మా, పేరు ఒకటే కావడంతో పొరబడ్డాను. మీ సైటూ చూశాను నేను. అందులో ఈ హామీ లేదు. మీకేం సంబంధం లేదండీ. వాళ్ళతోనే మాట్లాడుకుంటాను."

"లేదా?" అన్నాడు నాన్న. నన్ను కాదు, ఆయన్నే అడిగాడు.

"లేదండీ. మేలైన సరుకు, సమయానికి పంపుతాం, అంతే ఉంది."

నాన్న నా వైపు తిరిగాడు. "అమ్మీ, తీసేసేవా?"

చెప్పడం మొదలుపెట్టాను. దారులు, పోలికలు, అడుగున సన్నటి అక్షరాలు, అన్నీ. నాన్న అంతా విన్నాడు. "మరి నేను సెప్పింది ఇప్పుడు ఎక్కడున్నట్టు?"

"పెదనాన్న పేజీలో. బాబాయిదాంట్లోనూ ఉంది గానీ అది కనబడదు."

"అయితే మనదాంట్లో మళ్ళా పెట్టు. నే సెప్పినదంతా పెట్టు."

"అంతా పెడితే మనదీ కనబడదు నాన్నా."

"కనపడందైతే మరెందుకు" అని రెండు కాగితాలూ కలిపి మడిచాడు నాన్న. ఒక మడతలో ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. ఆ మనిషితో అన్నాడు. "బస్తాలు పంపించీండి. ఎనక్కి తీసుకుంటాం."

"మీరెందుకండీ? మీవి కావు కదా."

"సెప్పింది నేను."

బస్తాలు పెద్ద కొట్టు గోదాములో దిగాయి. మర్నాడు పొద్దున్న నాన్న ఏటవాలు చెక్కను భుజాన పెట్టుకుని, వీధంతా చూస్తుండగా అక్కడికి నడిచాడు. నేను గుమ్మంలో అడ్డం నిలబడి అరిచాను. వాళ్ళ తప్పుకు నువ్వెందుకు చాకిరీ చెయ్యాలన్నాను. నాన్న ఆగి, ఓపిగ్గానే చెప్పాడు. "వోలు తప్పు సేసేరు సరే. అక్కడున్నది నా మాట కదా. దాన్ని అబద్దం అయిపోనిస్తానేటి?" పెదనాన్న మొదటి రోజు తలెత్తి చూడలేకపోయాడు. మూడో రోజుకు టీ తెప్పించాడు. వారానికల్లా అలవాటు పడ్డాడు.

అది ఆ బస్తాలతో ఆగలేదు. మరుసటి పంటకు కూడా నాన్న వెళ్ళాడు, ఆ పై పంటకూ వెళ్ళాడు. మాట ఆ కొట్లో ఉన్నన్నాళ్ళు తానూ అక్కడే ఉండాలన్నాడు. సంతలకు వెళ్ళే ఓపిక అన్నగారి గోదాములోనే కరిగిపోయింది. మధ్య కొట్టు తలుపులు వారానికి రెండు రోజులు, తర్వాత ఒక రోజు తెరిచేవాళ్ళం, ఆ తర్వాత తెరవలేదు. కోరాపుట్‌లో నా దగ్గర చదువుకునే పిల్లలకు, ఒకే రాత రెండుచోట్ల పెట్టకూడదన్న పాఠాన్ని నేను రెండేసిసార్లు ఎందుకు చెబుతానో తెలిసేది కాదు.

ఒక సంక్రాంతి వెళ్ళాక పెదనాన్న కబురు పెట్టాడు. ఏదో దేశం నుంచి ఆయనకు మెయిల్ వచ్చిందట, చదివిపెట్టమని. గోదాము గుమ్మంలో నిలబడి చదివాను. ఇరవై ఏళ్ళుగా వలిసెలు కొంటున్నామని, ఇంత శుభ్రమైన గింజ ఎక్కడా చూడలేదని, మాట నిలబెట్టుకునే వ్యాపారి దొరకడం అదృష్టమని రాశారు. పెదనాన్న కళ్ళు మెరిశాయి. దాన్ని తన పేజీలో పైన పెట్టమన్నాడు.

లోపల నాన్న చెక్క ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. "ఏటి రాసేరే?" అనడిగాడు. తెలుగులో చెప్పాను, ఒక్క ముక్కా వదలకుండా. గుప్పిట్లో మిగిలిన గింజలు జారవిడిచి, గుండ్రటివి దొర్లిపోయేదాకా ఆగి, తలూపాడు.

"పెట్టు మరి. బాగా కనపడేలాగ పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఇప్పటికీ వెతికితే మొదట వచ్చేది అదే, కింద పెదనాన్న ఫోన్ నంబరుతో.